అందరం కలిసి విన్న మాట
(అయ్యంకి వెంకటరమణయ్య స్మారకోపన్యాస పాఠం)



గ్రంథాలయోద్యమ సారథి అయ్యంకి వెంకటరమణయ్యగారి పేరిట జరిగే సభలో మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు, అంతర్జాలం గురించి మాట్లాడతానని నేనే అన్నాను. పుస్తకాన్ని నమ్ముకున్న మనిషి సంస్మరణలో ఫోను తెర ప్రస్తావన ఎందుకని మీలో కొందరికి తోచవచ్చు. ఆయన జీవితమంతా పుస్తకాలు పోగుచేయడంలో గడిచిందనుకుంటే ఆ సందేహం సబబే. నాకు మాత్రం ఆయనా, ఆయన తరమూ కట్టింది ఇంకా పెద్దదనిపిస్తుంది. ఊళ్లో మనుషులు ఒకచోట కూర్చుని, ఒకే మాటను కలిసి వినే ఏర్పాటును వాళ్లు కట్టారు. ఆ ఏర్పాటు ఇవాళ ఏ స్థితిలో ఉందన్నదే నా ఉపన్యాస విషయం.

నా వాదం ముందే చెప్పేస్తాను. గత ముప్పై ఏళ్లలో తెలుగు సమాజంలో మాట్లాడే అవకాశం మునుపెన్నడూ లేనంతగా విస్తరించింది. అదే కాలంలో కలిసి వినే అవకాశం కుంచించుకుపోయింది. మొదటిది గొప్ప లాభం, దాన్ని తక్కువ చేసి మాట్లాడేవారితో నేను ఏకీభవించను. రెండోది పెద్ద నష్టం, దాన్ని మనం ఇంకా నష్టంగా గుర్తించనేలేదు. నలుగురి ఎదుట ఒక మాట అంటే ఆ నలుగురూ దానికి సాక్షులు. నిలదీసేవాడూ, జవాబు చెప్పవలసినవాడూ అక్కడే ఉంటారు. అదే మాట నాలుగు ఇళ్లకు, నాలుగు తెరల మీద, నాలుగు రూపాల్లో వేర్వేరుగా చేరితే సాక్షి ఉండడు. సాక్షి లేనిచోట ఎవరూ దేనికీ జవాబుదారీ కారు. అంతర్జాలం మన రాజకీయానికి, రోజువారీ బతుక్కి చేసిన మార్పులన్నిటిలో మూలమైనది ఇదేనని నేననుకుంటాను.

కొంచెం వెనక్కి వెళదాం. 1907 ఏప్రిల్‌లో వందేమాతరం ఉద్యమ నేత బిపిన్ చంద్రపాల్ తెలుగు జిల్లాల్లో పర్యటించారు. ఆయన మాట్లాడింది ఇంగ్లీషులో. రాజమండ్రిలో ఆ ప్రసంగాలను జనానికి తెలుగులో వినిపించినవారు చూపు సరిగా లేని చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. అప్పటికి తెలుగునాట పదిమందిలో ఒక్కరికి కూడా అక్షరం రాదు. అయినా ఆ ప్రసంగాలు విన్న ఊళ్లు వినకముందు ఉన్నట్టు లేవు. వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందుకు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రాజమండ్రి శిక్షణ కళాశాలకు దూరమయ్యారు. ఇరవై ఏళ్లు నిండని అయ్యంకివారు ఆ ప్రసంగాల ప్రభావంలోనే ప్రజాజీవితంలోకి వచ్చారు. ఏడేళ్ల తరవాత, 1914 ఏప్రిల్ 10న, బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశపు గ్రంథాలయాల ప్రతినిధులందరినీ అయ్యంకివారు ఒకచోట చేర్చినప్పుడు అధ్యక్షత వహించింది ఆ చిలకమర్తివారే. అనంతరకాలంలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి అధ్యక్షులై ఏళ్ల తరబడి నడిపించింది ఆ గాడిచర్లవారే. ఈ వరసను కేవలం కాకతాళీయమని నేను కొట్టిపారేయలేను. ఒకనాడు బహిరంగ సభల్లో రగిలిన మాటను ఊరూరా నిలకడగా వినిపించే చోటు కోసం వాళ్లు వెతికారు. గ్రంథాలయం వాళ్లకు ఆ చోటుగా దొరికింది.

ఆనాటి గ్రంథాలయంలో ఒకరు పత్రిక చదివేవారు, మిగిలినవారు వినేవారు. చదువు రానివారికి కూడా అది తమ చోటే. పాతూరి నాగభూషణంగారు 1935లో కృష్ణా కాలువల మీద పడవలో గ్రంథాలయం నడిపారు. పడవ ప్రయాణమంటే గంటల వ్యవహారం. ఆ గంటల్లో ఒకరు చదివింది పక్కన కూర్చున్నవారి చెవిన పడకుండా ఉండదు. అలా విన్నవారు దాని మీద వాదించుకోకుండా దిగిపోయేవారూ కారు.

హైదరాబాదు రాజ్యంలో ఈ చరిత్ర ఇంకా తీవ్రంగా నడిచింది. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసినా, తెలుగు మాటకు సభలో గౌరవం లేదు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధిని థియేటరులో సంఘసంస్కార సభ జరిగింది. అధ్యక్షులు మహర్షి కర్వే. వక్తలు ఇంగ్లీషులో, మరాఠీలో, ఉర్దూలో మాట్లాడితే జనం విన్నారు. ఆలంపల్లి వెంకట రామారావుగారు తెలుగులో మొదలుపెట్టగానే గోలచేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావుగారు, సురవరం ప్రతాపరెడ్డిగారు, 1926లో గోలకొండ పత్రిక, 1930లో జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభ, అన్నీ ఆ దారిలో వచ్చినవే. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ గోల అందరి ముందూ జరిగింది. చేసినవారెవరో తెలుసు, పడినవారెవరో తెలుసు, చూసినవారు వందలమంది. అందువల్లే దానికి సమష్టిగా సమాధానం చెప్పడం కుదిరింది. అదే అవమానం ఒంటరిగా, ఎవరికీ కనిపించని చోట జరిగి ఉంటే అది ఆయన సొంత దుఃఖంగా మిగిలిపోయేది. నిజాం ప్రభుత్వానికీ ఈ రహస్యం తెలుసు. అనుమతి లేకుండా సభలు జరపరాదని 53వ నంబరు గస్తీ నిషాన్ అనే ఉత్తర్వును తెచ్చింది అందుకే. ఏకాంతంలో చదువుకునే పాఠకుడి కంటే కూడి వినే జనమే ఏ పాలకుణ్నయినా ఎక్కువ కలవరపెడుతుంది.

ఆ గతాన్ని బంగారు కాలమని కీర్తించడం నా ఉద్దేశం కాదు. ఆ సభల్లో ఎవరు లేరన్న ప్రశ్న వేసుకోకపోతే ఈ ఉపన్యాసం అబద్ధమవుతుంది. రచ్చబండ దగ్గర ఆడవాళ్లు కూర్చోలేదు. దళితులు దూరంగా నిలబడ్డారు, నిలబడనిస్తే. ఎవరు ముందు మాట్లాడాలో కులమూ భూమీ నిర్ణయించాయి. కలిసి విన్నామని మనం చెప్పుకునే ఆ ‘మనం’ చాలా చిన్నది. ఉద్యమాలు దాన్ని కొంచెం కొంచెంగా పెద్దది చేశాయి. అలా పెద్దదైన సందర్భాల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది 1992 నాటి నెల్లూరు జిల్లా దూబగుంట.

అక్కడ అక్షరదీపం రాత్రిబడిలో ఆడవాళ్లు చదువుకున్న వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. తాగుడు వల్ల ఇల్లు ఎలా గుల్లయిందో, ఊరి ఆడవాళ్లు సారా దుకాణాన్ని ఎలా మూయించారో అందులో ఉంది. దాన్ని వాళ్లు గుంపుగా, గొంతెత్తి చదివారు. చదివిన తరవాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ప్రతి ఇంటి కథా అదే అయినప్పుడు అది ఇంటి కథ కాకుండా పోయింది. దూబగుంట రోశమ్మ వంటివారు ముందు నిలిచి దుకాణం మూయించారు. పత్రికలు ఆ వార్తను రాష్ట్రమంతా మోశాయి, జిల్లా జిల్లాకు ఉద్యమం పాకింది, సారా వేలంపాటలు ఆగిపోయాయి, 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. నిషేధం తరవాత ఏమైందో, ఎందుకు సడలిందో మీకు తెలుసు. అది వేరే చర్చ. నాకు ముఖ్యమైంది అక్షరం అప్పుడప్పుడే కూడబలుక్కుంటున్న స్త్రీలు ఒక పాఠాన్ని కలిసి వినడం వల్ల ఒక ప్రభుత్వం తన ఆదాయాన్ని వదులుకోవలసి వచ్చిందన్న వాస్తవం. అదే పాఠం ఒక్కొక్కరి ఫోనుకూ విడిగా చేరి ఉంటే ఏమయ్యేదని నేను తరచూ ఆలోచిస్తాను. ప్రతి ఒక్కరూ చూసి, కన్నీరు పెట్టుకుని, మరొకరికి పంపి, తరవాతిది చూసేవారేమో.

తరవాతి దశలను త్వరగా దాటుతాను. పంచాయతీ రేడియో ఊరంతటికీ ఒకటే గొంతు వినిపించింది, అది సర్కారు గొంతు. 1982లో పార్టీ పెట్టిన ఎన్.టి. రామారావుగారు చైతన్యరథం మీద ఊరూరా తిరిగి తొమ్మిది నెలల్లో ముఖ్యమంత్రి అయ్యారు. సినిమా హాలులో కలిసి చూసిన జనమే రోడ్డు మీద కలిసి విన్నది. వార్తా చానళ్లు ఒక్కో పార్టీకి ఒక్కోటిగా చీలినప్పుడే వినేవారి చీలిక మొదలైంది. అప్పటికింకా ఆ చీలిక ఇంటి గుమ్మం దగ్గర ఆగింది. ఫోను దాన్ని ఇంటి లోపలికి, ఒక మంచం మీద కూర్చున్న ఇద్దరి మధ్యకు తెచ్చింది.

అంతర్జాలంలోకి తెలుగు వచ్చిన తొలి రోజులు మాత్రం ముచ్చటైనవి. 1990ల మొదట్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు ఇంగ్లీషు మీటలతో తెలుగు రాసే పద్ధతిని తయారుచేశారు. ఆర్.టి.ఎస్. అని దానికి పేరు. మన దేశంలో సామాన్యులకు అంతర్జాలం అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న. 1998లో ‘ఈమాట’ పత్రిక, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలయ్యాయి. జీతం, ప్రతిఫలం ఆశించని మనుషులు రాత్రిళ్లు కూర్చుని తమ ఊరి పేజీ, తమ ఏటి పేజీ రాశారు. అయ్యంకివారి తరం బతికుంటే వీళ్లను తమ వారసులుగా గుర్తుపట్టేదని నా నమ్మకం. వికీపీడియాలో ఈనాటికీ ఒక గుణం ఉంది. ఒక పేజీని మీరు తెరిచినా నేను తెరిచినా అక్షరం మారదు. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చరిత్ర కనిపిస్తుంది. అది ఉమ్మడి చోటు.

2016 సెప్టెంబరులో చవక డేటా వచ్చింది. రెండు మూడేళ్లలో ఊళ్లు మారిపోయాయి. ఈ మార్పులో లాభం ఎంతటిదో చెప్పకుండా ముందుకు పోను. 1985లో కారంచేడు దళిత హత్యాకాండ బాధితులు చీరాల చేరి, శిబిరం వేసుకుని, అక్కడి నుంచి తమ గోడు లోకానికి వినిపించుకోవలసి వచ్చింది. 2016 జనవరిలో హైదరాబాదు విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల ఆఖరిసారి రాసిన లేఖను దేశం మరునాటికల్లా చదివింది. ఏ సంపాదకుడి అనుమతీ దానికి అవసరం కాలేదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి గంగవ్వ తన యాసలో మాట్లాడితే తెలుగు తెలిసినవారంతా చెవి ఒగ్గారు. 1921లో తెలుగు మాట్లాడినందుకు సభలో కూర్చోబెట్టిన చరిత్ర పక్కన, ఆ తరవాత తెలంగాణ యాసను తెరమీద హాస్యానికే పరిమితం చేసిన దశాబ్దాల పక్కన పెట్టి చూస్తే ఆ యాసకు దక్కిన గౌరవం ఎంత విలువైనదో తెలుస్తుంది. గొంతు లేనివారికి గొంతు దొరికింది. దీన్ని వెనక్కి తిప్పాలనే ఏ ఆలోచనకూ నా మద్దతు లేదు.

నా అభ్యంతరం ఆ గొంతు మనకు చేరే మార్గం గురించి. తెర మీద మనకు కనిపించే వరస మనం కూర్చుకున్నది కాదు. ఒక్కొక్కరి చూపు ఎక్కడ ఎంతసేపు ఆగిందో లెక్కగట్టి, ఇంకాసేపు ఆపగల దాన్ని తరవాత ముందు పెట్టే యంత్రం దాన్ని కూరుస్తుంది. దానికి రాజకీయ పక్షపాతం ఉండనక్కర్లేదు. కోపమూ భయమూ ఎక్కువసేపు ఆపుతాయి కాబట్టి కోపమూ భయమూ ముందుకు వస్తాయి, అంతే. వాట్సాప్‌లో ఆ యంత్రం కూడా లేదు. అక్కడ మనుషులే మోతగాళ్లు. 2016 నుంచి అక్కడి సందేశాలు పంపినవారికి, అందుకున్నవారికి తప్ప కంపెనీకి కూడా కనపడవు. వ్యక్తి ఏకాంతానికి అది మంచి రక్షణ, నేను దాన్ని సమర్థిస్తాను. అదే తాళం వెనకాల నుంచి లక్షలమందికి ఒక పుకారు ప్రయాణించినప్పుడు మాత్రం అది ఉత్తరమా ఊరేగింపా అన్నది తేల్చడానికి మన చట్టాల దగ్గర కొలమానం లేదు.

2018 వేసవి దీనికి సాక్ష్యం. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వీడియోలు, గొంతు సందేశాలు తెలంగాణలో, ఆంధ్రలో, కర్ణాటకలో, మహారాష్ట్రలో తిరిగాయి. మే నెలలో హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో అయిదుగురిని చంపారు. రెండు వారాలు తిరక్కుండా, బీదర్ జిల్లాలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన పాపానికి హైదరాబాదు నుంచి వెళ్లిన యువకుల మీద జనం పడ్డారు, ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ప్రాణం పోయింది. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి అయిదు చాట్లకు మించి పంపకుండా పరిమితి పెట్టింది.

అదే వేసవిలో జోగులాంబ గద్వాల జిల్లాలో జరిగింది మాత్రం వేరు. దాని మీద కాసేపు ఆగుతాను. ఎండాకాలం ఆరుబయట మంచాలు వేసుకుని పడుకునే ఊళ్లలో జనం పొద్దుగూకగానే తలుపులు బిగించుకుంటున్నారని ఊరి బాధ్యత చూసే పోలీసులు గమనించారు. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఒక్కో ఊరికీ ఒక్కో పోలీసును అప్పటికే కేటాయించి ఉంచారు. వాళ్లు ఫోన్లు తీయించి చూస్తే వీడియోలు బయటపడ్డాయి. పోలీసులు ఊరి వాట్సాప్ బృందాల్లో చేరారు, అది ఎవరైనా చేసేదే. దాంతో ఆగకుండా వాళ్లు డప్పు తెచ్చారు. జానపద కళాకారులతో పాటలు కట్టించి, ఊరి మధ్యన జనాన్ని కూర్చోబెట్టి, ఆ వీడియో ఎక్కడిదో, ఎందుకు అబద్ధమో వినిపించారు. ఆ జిల్లాలో పుకారుకు ఒక్క ప్రాణమూ బలికాలేదు.

ఇక్కడ పనిచేసిందేమిటి? ఆ వీడియో అబద్ధమన్న సమాచారం మాత్రమే కాదు. దాన్ని ఫోనులో కూడా పంపవచ్చు, పంపారు కూడా. భయం ఒక్కొక్కరి చెవిలోకీ ఒంటరిగా వచ్చింది. దాన్ని తీయడానికి అందరూ కలిసి వినవలసి వచ్చింది. పక్కింటివాడు కూడా అది అబద్ధమని విన్నాడని నాకు తెలిసినప్పుడే నేను కర్ర కింద పెడతాను. నా ఒక్కడికి నిజం తెలిస్తే చాలదు, నాకు తెలిసినట్టు వాడికి తెలియాలి, వాడికి తెలుసని నాకు తెలియాలి. ఈ మూడో తెలివిడి డప్పు ఇవ్వగలిగింది, ఫోను ఇవ్వలేకపోయింది.

కోనసీమలో దీనికి విరుద్ధమైనది జరిగింది. 2022 మే 18న జిల్లా పేరులో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేరుస్తూ ప్రభుత్వం ప్రాథమిక ప్రకటన ఇచ్చింది. అభ్యంతరాలు చెప్పుకోవడానికి నెల గడువుంది. ఆరు రోజులకే అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. జనాన్ని కూడగట్టడంలో వాట్సాప్ బృందాలది ప్రధాన పాత్ర అని పోలీసులు అన్నారు. ఆ తరవాత జిల్లాలో రోజుల తరబడి అంతర్జాలం నిలిపేశారు. ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులు సిగ్నల్ కోసం పొలిమేరలకు పోవలసి వచ్చింది. అంబేడ్కర్ పేరు నిలిచింది, నిలవవలసిందే. అయితే ఆ నెల గడువులో ఎదురెదురుగా కూర్చుని, కులద్వేషాన్ని కులద్వేషమని మొహాన చెప్పగలిగే సభ ఒక్కటి కూడా ఆ జిల్లాలో జరిగినట్టు నేను వినలేదు. ద్వేషం తాళం వెనక కూడింది, రోడ్డు మీద పేలింది. మధ్యలో వాదన అనే మెట్టు లేదు. ప్రభుత్వం చేసింది మొత్తం తీగ కోసేయడం. గస్తీ నిషాన్ నుంచి నేటిదాకా పాలకుల చేతికి ముందుగా తగిలే పనిముట్టు అదే. కాశ్మీరులో 2019 ఆగస్టు నుంచి 2021 ఫిబ్రవరి దాకా పూర్తి వేగపు మొబైల్ అంతర్జాలం లేదు. నిరవధికంగా ఆపడం చెల్లదని సుప్రీంకోర్టు 2020 జనవరి 10న అనురాధా భసీన్ కేసులో చెప్పాక కూడా అది ఏడాదికి పైగా సాగింది.

ఎన్నికల చట్టం కూడా కలిసి వినే కాలం నాటిదే. పోలింగు ముగిసే వేళకు ముందు 48 గంటలు ప్రచారం ఆగాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షన్ చెబుతుంది. మైకు ఆగుతుంది, సభ ఆగుతుంది, టీవీ ప్రకటన ఆగుతుంది. ఓటరు జేబులో ఉన్నది మాత్రం ఆగదు. పైగా ఒకే పార్టీ ఒక వీధికి ఒక హామీ, పక్క వీధికి దానికి విరుద్ధమైన హామీ పంపితే ఇద్దరూ కలిసేదాకా ఆ సంగతి బయటపడదు. వాళ్లు కలిసేచోటు తగ్గిపోతోంది కదా.

రాజకీయం మాట పక్కన పెట్టి ప్రభుత్వం రోజూ మనతో మాట్లాడే తీరు చూడండి. మన బతుకులో పెద్ద మార్పు నిజానికి ఇక్కడే వచ్చింది. తెలంగాణలో 2020 అక్టోబరు 29న ధరణి భూరికార్డుల పోర్టల్ మొదలైంది. అంతకు ముందు నెలలోనే గ్రామ రెవెన్యూ అధికారి (వీఆర్వో) వ్యవస్థను రద్దు చేశారు. లంచాల బెడద ఉన్న మాట నిజం, తీసేసినప్పుడు ఊళ్లలో సంతోషించినవారూ ఉన్నారు. కానీ పహాణీలో ఎవరి భూమి ఎవరి సాగులో ఉందో ఊరందరికీ తెలిసే పద్ధతి పోయి, అనుభవదారు కాలమ్ లేని ఒక తెర వచ్చింది. పేరు తప్పుపడినవాడు, భూమి నిషేధిత జాబితాలోకి పోయినవాడు, వివాద భూముల ‘పార్ట్-బి’ జాబితాలో చిక్కినవాడు ఒంటరిగా మీసేవ కేంద్రానికి వెళ్లి, ఒంటరిగా దరఖాస్తు పెట్టి, ఒంటరిగా తిరస్కరణ అందుకున్నాడు. ఇరుగు పొరుగు రైతుల సాక్ష్యానికి ఆ తెర మీద గడి లేదు. ఆ ఒంటరి కోపాలన్నీ 2023 ఎన్నికల్లో ఒకచోట కూడాయి. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో భూహక్కుల చట్టం 2024 ఎన్నికల్లో ప్రధాన వివాదమై, కొత్త శాసనసభ దాన్ని రద్దు చేసింది. రెండు రాష్ట్రాలు, రెండు వేర్వేరు పార్టీలు, ఒకే పాఠం: భూమి లెక్క తెరమీద సరిగా ఉందని చెబితే రైతు నమ్మడు. ఊరి ముందు చదివితేనే నమ్ముతాడు.

అప్పుల సంగతీ ఇంతే. 2020 చివర్లో హైదరాబాదు పరిసరాల్లో అప్పు యాప్‌ల వేధింపులకు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవారి వార్తలు మీరు చదివారు. ఊరి వడ్డీవ్యాపారి దుర్మార్గుడైతే ఊరికి తెలిసేది, పెద్దమనిషి ఎవరో అడ్డుపడేవాడు. యాప్ మాత్రం ఫోనులోని పేర్లన్నీ ముందే తీసుకుని, అవమానాన్ని అందరికీ పంచింది, అప్పు షరతులను ఎవరికీ చూపలేదు. ఫోనులోని పేర్ల జాబితా జోలికి పోకూడదని రిజర్వు బ్యాంకు 2022లో నిబంధన పెట్టేనాటికి చాలా ఇళ్లలో దీపాలు ఆరాయి.

ఇంత చెప్పాక, తెరను కాదనడమే మార్గమా అని మీరు అడగవచ్చు. కాదు. తెరను ఊరి ముందుకు తేవడం సాధ్యమని మన నేల మీదే రుజువైంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం మొదలైంది. ఆ ఏడాదే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సామాజిక తనిఖీని చేపట్టింది. పనిచేసినవారి పేర్లు, రోజులు, కూలి అన్నీ కంప్యూటరులో ఉండేవి. కూలీల కుటుంబాల నుంచి వచ్చిన యువతీయువకులకు శిక్షణ ఇచ్చి, ఆ హాజరు మస్టర్లను కాగితం మీదకు దింపి, ఇంటింటికీ తీసుకెళ్లి సరిచూశారు. ఆ తరవాత గ్రామసభలో చదివారు, మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి అధికారుల ఎదుట మళ్లీ చదివారు. చనిపోయినవాడి పేరున కూలి తీసిన సంగతి చదివినప్పుడు అతని భార్య సభలోనే ఉంటుంది. ఇక దాన్ని కాదనగల క్షేత్ర సహాయకుడు ఎవరు? కంప్యూటరు లేకపోతే ఆ లెక్క అంత త్వరగా బయటికి రాదు, సభ లేకపోతే ఆ లెక్క అబద్ధమని తేలదు. రెండూ కలిసినచోట ప్రజాస్వామ్యం ఎలా ఉంటుందో మన పల్లెలు కొన్నేళ్లు చూశాయి.

ఆ దారి కూడా మళ్లింది. 2023 జనవరి నుంచి పనిచోట రోజుకు రెండుసార్లు ఫొటో తీసి యాప్‌లోకి ఎక్కించే హాజరు దేశమంతటా తప్పనిసరి చేశారు. ఫొటోకు ఫొటో తీసి ఎక్కిస్తున్నారని, సంబంధం లేని ఫొటోలు పెడుతున్నారని 2025లో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. సిగ్నల్ లేక ఫొటో ఎక్కని రోజు కూలి పోయేది మాత్రం నిజంగా పనిచేసిన మనిషికే. సభకు బదులు కెమెరాను సాక్షిగా నిలిపితే జరిగేదిదే.

కాబట్టి నా ప్రతిపాదనలు రెండే. మొదటిది ప్రభుత్వానికి. పౌరుడి భూమిని, కూలిని, పింఛనును, రేషనును నిర్ణయించే ప్రతి ఆన్‌లైన్ రికార్డునూ ఏడాదికి ఒకసారి గ్రామసభలో, వార్డు సభలో చదివి వినిపించాలని, అక్కడ చెప్పిన అభ్యంతరం నమోదయ్యేదాకా ఆ రికార్డు అంతిమం కాదని చట్టంలో రాయాలి. రెండోది ఎన్నికల సంఘానికి. పార్టీలు ఫోన్లకు పంపే ప్రతి ప్రచార సందేశాన్నీ, ఎవరికి పంపిందీ, ఎంత ఖర్చుపెట్టిందీ ఎవరైనా వచ్చి చూడగల చోట పెట్టించాలి. ఏకాంతంగా ఇద్దరు మాట్లాడుకునేది ఎవరికీ అక్కర్లేదు. లక్షమందికి పంపింది మాత్రం సభలో చెప్పిన మాటతో సమానం.

ఎక్కడ చదవాలి, ఎక్కడ చూపాలి అన్న ప్రశ్నకు జవాబు ఈ సభలో ఉన్నవారి చేతిలోనే ఉంది. గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా మనం కడుతూనే ఉన్నాం. వసూలు చేసే స్థానిక సంస్థలు చాలాచోట్ల దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థలకు సక్రమంగా జమచేయడం లేదు. కొన్ని శాఖా గ్రంథాలయాలు సిబ్బంది లేక సాయంత్రాలు మూతపడుతున్నాయి. మీ ఊరి పంచాయతీ, మీ మునిసిపాలిటీ ఈ పన్ను ఎంత వసూలు చేసింది, ఎంత జమచేసింది అని సమాచార హక్కు కింద అడగండి. వచ్చిన జవాబును ఫోనులో పంచుకుని ఊరుకోకండి. మీ ఊరి గ్రంథాలయం తలుపు తీయించి, ఊరివాళ్లను పిలిచి, పైకి చదవండి.